స్పిరిటెడ్ అవే: పిల్లలతో ఎలా చూడాలి, చూశాక వాళ్ల మాటలు ఎలా రాసుకోవాలి

సినిమా అయిపోగానే లైటు వేసి "ఇందులో నీతి ఏంటి?" అని అడిగితే పిల్లలు తడుముకోకుండా చెప్పేస్తారు: "అత్యాశ పనికిరాదు." పాఠం చివరి ప్రశ్నలకు అలవాటుపడ్డ నోటి నుంచి వచ్చే జవాబు అది. అడిగినవాళ్లు సంతోషిస్తారని చెప్పిన మాటే తప్ప సినిమా గురించి చెప్పిన మాట కాదు. అదే పిల్లను మర్నాడు అన్నం తింటున్నప్పుడు "ఆ రైల్లో కూర్చున్నవాళ్లు ఎలా ఉన్నారు?" అని అడిగి చూడండి. తినడం ఆపి చెప్పడం మొదలుపెడుతుంది. అలాంటి మాటలను పట్టుకోవడం ఎలాగో, అవి రావాలంటే సినిమాను ఎలా చూపించాలో ఇక్కడ చెబుతున్నాం.

హయావో మియాజాకి దర్శకత్వంలో స్టూడియో జిబ్లీ తీసిన ఈ సినిమా జపాన్‌లో 2001 జులై 20న విడుదలైంది. నిడివి దాదాపు 125 నిమిషాలు. 2002లో బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్, 2003లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. అవార్డుల కంటే మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మియాజాకి దీన్ని పదేళ్ల ఆడపిల్లలను మనసులో పెట్టుకుని తీశారు. కథలో అమ్మానాన్నలు పందులైపోయాక ఒక వింత స్నానాలశాలలో పనికి కుదిరే చిహిరోకి కూడా పదేళ్లే. కాబట్టి ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లతో చూస్తే సినిమా సరిగ్గా చేరాల్సిన చోటికి చేరుతుంది. ఆరేడేళ్ల వాళ్లు చూడకూడదని కాదు, పక్కన ఒక పెద్దమనిషి ఒడి సిద్ధంగా ఉండాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు ఇప్పుడే వద్దు. అదే దర్శకుడు 1988లో తీసిన టొటొరో సినిమా 86 నిమిషాలే, వాళ్లకు దానితో మొదలుపెట్టడం మేలు.

ముందు చెప్పాల్సినవి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఇంగ్లిష్ పేరులోనూ సబ్‌టైటిల్స్‌లోనూ స్పిరిట్స్ అన్న మాట కనబడగానే ఇంట్లో ఎవరో ఒకరు "దెయ్యాల సినిమా" అనేస్తారు. పిల్లలు ఆ మాట పట్టుకుని కూర్చుంటే రెండు గంటలూ దెయ్యం ఎప్పుడొస్తుందా అనే చూస్తారు. జపనీస్ మాట కమి. నదికి ఒక కమి, చెట్టుకు ఒకటి, ముల్లంగికి కూడా ఒకటి. ఎనభై లక్షల మంది కమిలు ఉన్నారని అక్కడి నానుడి. మన ఊరి చివర దేవత, చెరువుగట్టు దేవత, పుట్ట దగ్గర పసుపు రాసిన రాయి, వీటన్నిటినీ తలుచుకుంటే ఆ మాట అర్థమైపోతుంది. కాబట్టి "దేవతలు" అనండి. సినిమా జపనీస్ పేరులోని కమికకుషి అనే మాటకు కూడా దేవతలు దాచేయడం అనే అర్థం. పిల్లో పిల్లాడో హఠాత్తుగా కనబడకుండా పోతే పూర్వం అక్కడ అలా అనుకునేవారు.

రెండో చిక్కు కథ నడిచే ఆ స్నానాలశాల. వేడినీళ్ల తొట్లలో అందరూ కలిసి స్నానం చేసే ఆచారం మన పిల్లలకు తెలియదు. హోటలా, ఆసుపత్రా అని అడుగుతారు. "దేవతలు పని చేసి అలిసిపోయి తలంటు పోసుకోవడానికి వచ్చే చోటు" అని ఒక్క వాక్యం చెబితే చాలు.

మూడోది, భయపడే పిల్లలకు మాత్రమే చెప్పాల్సింది: కథలో ఒక ముసుగు రూపం మింగేసిన వాళ్లందరూ చివరికి బయటికి వచ్చేస్తారు, ఎవరికీ ఏమీ కాదు. కథలో కొంచెం ముందే తెలిసిపోతుందన్న బెంగ వద్దు. ఈ సినిమాలో మజా తర్వాత ఏమవుతుందో తెలియకపోవడంలో కంటే ప్రతి గది తలుపు వెనక ఏముందో చూడడంలోనే ఎక్కువ ఉంది.

ఈ మూడూ చెప్పి ఆగిపోండి. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అన్నది ముందే చెప్పొద్దు. కథ ఆ లెక్కలో నడవదు.

భాష, వేళ, విరామం

వేగంగా చదవగలిగిన పిల్లలైతే జపనీస్ మాటలు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టండి. చదవడం ఇంకా నెమ్మదిగా ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ డబ్బింగ్ నయం, ఎందుకంటే కింద అక్షరాలు వెతికే కళ్లకు పైన బొమ్మ తప్పిపోతుంది, ఈ సినిమాకు బొమ్మే ప్రాణం. డబ్బింగ్‌లో ఒక తేడా ఉంది, అది తెలిసి ఉండాలి. ఇంగ్లిష్‌లో చివర కారులో కొత్త ఇల్లు, కొత్త బడి అంటే కాస్త భయమేనని నాన్న అంటే, నేను చూసుకోగలననుకుంటా అన్నట్టు చిహిరో జవాబు చెబుతుంది. జపనీస్‌లో ఆ మాటలు లేవు. చిహిరో ఏమీ అనదు, కారు వెళ్లిపోతుంది. అందుకే డబ్బింగ్ చూసిన పిల్లలు "తనకు ధైర్యం వచ్చింది" అని సులువుగా చెప్పేస్తారు. అది వాళ్లు కనిపెట్టింది కాకపోవచ్చు, సినిమాయే అందించి ఉండొచ్చు. అభిప్రాయాలు రాసుకునే కాగితం పైన ఏ భాషలో చూశారో తప్పకుండా రాయండి.

పక్కన కూర్చుని ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పే పద్ధతి మాత్రం వద్దు. వాన చప్పుడు, చెక్క మెట్ల మీద అడుగుల చప్పుడు, సంగీత దర్శకుడు జో హిసాయిషి పియానో, అన్నీ మీ గొంతు కింద పడిపోతాయి. అడిగితే ఒక్క వాక్యంలో, చెవిలో చెప్పండి.

రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే పెద్దలకు హాయిగానే ఉంటుంది కానీ పిల్లలు అమ్మానాన్నలు పందులైపోయిన బొమ్మతోనే పడుకోవాల్సి వస్తుంది. సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు మొదలుపెట్టండి. విరామంతో కలిపి ఏడు లోపు అయిపోతుంది. అన్నం తినేటప్పుడు మాట్లాడుకోవడానికి, ఆడుకుని మరిచిపోవడానికి కూడా సమయం మిగులుతుంది. గదిలో ఒక చిన్న దీపం ఉంచండి. పూర్తి చీకటి చేస్తే భయం పెరుగుతుంది. ఎదురుగా కిటికీ ఉంటే మాత్రం తెర వేయండి, రాత్రి దృశ్యాల్లోని ముదురు నీలాలు వెలుతురులో కనబడవు.

విరామం ఎక్కడ ఇవ్వాలన్నది గడియారం చూసి నిర్ణయించకండి. కంపు కొట్టే అతిథి స్నానం చేసి నదీ దేవుడై ఎగిరిపోయాక, ఆ రాత్రి చిహిరో, అక్కడే పనిచేసే లిన్ వసారాలో కూర్చుని బన్ను తింటారు. కింద వాన నీళ్లు సముద్రంలా నిండి ఉంటాయి, దూరంగా రైలు పోతుంది. అక్కడ ఆపండి. పది నిమిషాలు చాలు. దీని తర్వాత కవోనాషి, అంటే ఇంగ్లిష్‌లో నో-ఫేస్ అని పిలిచే ముసుగు రూపం, కప్పను మింగే ఘట్టం వస్తుంది. అక్కడిదాకా వెళ్లి ఆపితే పిల్లలు ఆ భయాన్ని వంటింట్లోకి, బాత్రూంలోకి మోసుకెళ్తారు. కొందరు తిరిగి రారు.

భయపెట్టే చోట్లు నాలుగు. మొదటి పావుగంటలోనే అమ్మానాన్నలు పందులవుతారు. స్నానాలశాల యజమాని, మంత్రగత్తె యుబాబా గదిలో మూడు తలకాయలు దొర్లుకుంటూ వస్తాయి, ఇది చాలామంది పిల్లలకు భయం కంటే నవ్వే. చిహిరోకి సాయపడే కుర్రాడు హకు డ్రాగన్ రూపంలో నెత్తురోడుతూ వస్తాడు, కాగితపు పక్షులు తరుముతుంటాయి. కవోనాషి తిని తిని ఉబ్బి, కక్కుతూ చిహిరో వెంట పడతాడు. వీటిలో పిల్లలను ఎక్కువసేపు పట్టి ఉంచేది మొదటిదే. రాక్షసుల సంగతి వాళ్లకు అలవాటే, అమ్మ పిలిస్తే పలకకపోవడం మాత్రం అలవాటు లేదు. ఆ నిమిషంలో "ఏం కాదులే, సినిమానే కదా" అనడం కంటే చేయి పట్టుకోవడం బాగా పనిచేస్తుంది. నిజంగా ఏడిస్తే ఆపేసి, హకు చిహిరోకి అన్నం ముద్దలు ఇచ్చే చోటు దాకా చూద్దామా అని అడగండి. ఆమె ఆ ముద్ద కొరికి పెద్ద పెద్ద కన్నీటి బొట్లు రాలుస్తూ ఏడుస్తుంది. చూసే పిల్లలకు కూడా అక్కడ గుండె తేలికవుతుంది.

రైలు వచ్చినప్పుడు పెద్దలు నోరు విప్పకూడదు

బాయిలర్ గదిలో ఆరు చేతులతో పనిచేసే కమాజీ నలభై ఏళ్లుగా దాచిన టికెట్లు తీసి ఇస్తాడు. ఆరో స్టేషన్‌లో దిగాలి. ఒకప్పుడు తిరుగు రైలు ఉండేది, ఇప్పుడు వెళ్లడమే, రావడం లేదు. చిహిరో, కవోనాషి, ఎలుకగా మారిన యుబాబా బిడ్డ బో, ఈగంత పక్షి, నీళ్ల మీద పోయే రైల్లో కూర్చుంటారు. నీడల్లాంటి ప్రయాణికులు ఒక్కొక్కరే దిగిపోతారు. సాయంత్రం రాత్రి అవుతుంది. మాటలు దాదాపు లేవు.

పెద్దలకు ఇక్కడ చేయి ఫోన్ మీదికి పోతుంది, లేదా "ఏమీ జరగట్లేదేంటి" అనిపిస్తుంది. 2002లో అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌తో మాట్లాడుతూ మియాజాకి మూడు నాలుగు సార్లు చప్పట్లు కొట్టి, ఆ చప్పట్ల మధ్య ఉన్న ఖాళీయే జపనీస్‌లో "మ" అని వివరించారు. ఊపిరి తీసుకునే చోటు లేకుండా పరుగు మీద పరుగు పెడితే మనసు మొద్దుబారిపోతుందన్నది ఆయన ఉద్దేశం. ఈ రైలు ఆ ఖాళీయే. పిల్లలు ఇక్కడ విసుక్కోవడం తక్కువే. విసుక్కున్నారంటే చాలావరకు పక్కనున్న పెద్దలు కదలడం వల్లే. వారం తర్వాత గుర్తున్న దృశ్యం ఏదంటే ఎక్కువమంది దీన్నే చెప్పడానికి కారణం కూడా ఆ నిశ్శబ్దమే అని మా నమ్మకం. కాబట్టి ఈ కొద్ది నిమిషాలూ చిప్స్ పొట్లం కూడా తెరవొద్దు.

మాటలు పట్టుకోవడం

సినిమా అయ్యాక పావుగంట దాకా ఏమీ అడగకండి. ఆ పావుగంటలో పిల్లలు తమంతట తాము అనే మొదటి మాట చాలా విలువైనది. దాన్ని పెన్సిల్‌తో, వాళ్లు అన్నది అన్నట్టుగా రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేయడం సులువు అనిపిస్తుంది కానీ ఫోన్ కనబడగానే పిల్లలు యాంకరమ్మలైపోతారు. కవోనాషిని "ముసుగాయన" అంటే అలాగే రాయండి, పేరు సరిచేయొద్దు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో వాళ్ల మాట, కుడి పేజీలో మీకు తోచిన అర్థం. రెండూ కలిపి రాస్తే నెల తర్వాత ఏది ఎవరిదో తెలియదు. పేజీ తలన వయసు, చూసిన భాష, ఎక్కడ ఆపారు, ఎన్నోసారి చూడడం అన్న నాలుగు వివరాలు ఉండాలి.

ఆ తర్వాత అడిగే ప్రశ్నలు కంటికి కనబడిన వస్తువు గురించి ఉండాలి. "నచ్చిందా?" అంటే "ఊఁ" అని వస్తుంది, అంతే. "చిహిరో బూట్లు ఎవరు దాచి ఉంచారు?" అంటే బాయిలర్ గదిలో బొగ్గు మోసే మసి ఉండలు గుర్తొస్తాయి, అవి తినే రంగు చక్కెర నక్షత్రాలు గుర్తొస్తాయి, అక్కడి నుంచి బొగ్గు మోయలేనట్టు నటించిన ఉండల దాకా మాట వెళ్తుంది. "నదీ దేవుడి ఒంట్లోంచి ముందు ఏం బయటికొచ్చింది?" అంటే సైకిల్ అంటారు. "చేదు మందు ఉండ అమ్మానాన్నల కోసం దాచుకుంది కదా, మరి ఎవరికి ఇచ్చింది?" అని అడిగితే సగం హకుకి, మిగతా సగం కవోనాషికి అని చెప్పి, చాలాసార్లు అక్కడ ఆగి ఆలోచిస్తారు. ఆ ఆగడాన్ని కూడా రాసుకోండి. మీరు వెంటనే వాక్యం పూర్తి చేయకండి.

ఆరుగురు ఎనిమిది మంది పిల్లలు కలిసి చూసినప్పుడు వేరే సమస్య వస్తుంది. మొదట మాట్లాడిన పిల్ల అభిప్రాయమే అందరి అభిప్రాయం అయిపోతుంది. అందుకని మాటకంటే ముందు బొమ్మ. ఒక్కొక్కరికీ ఒక తెల్ల కాగితం, పదిహేను నిమిషాలు, "కళ్లు మూసుకుంటే ముందు కనబడేది వెయ్యి" అన్న ఒక్క సూచన. నల్ల క్రేయాన్ తలా ఒకటి ఇవ్వండి. డబ్బా మొత్తానికి ఒక్కటే ఉంటే కవోనాషి కోసం, మసి ఉండల కోసం కొట్లాట ఖాయం. ఫోన్ చూసి వేయనివ్వకండి. చూసి వేసిన బొమ్మ చక్కగా ఉంటుంది కానీ అందులో పిల్ల జ్ఞాపకం ఉండదు. బొమ్మలు పూర్తయ్యాక ఒక్కొక్కరి దగ్గర విడిగా కూర్చుని "ఇదెవరు? ఇతను ఎటు చూస్తున్నాడు?" అని అడగండి.

పేరు దొంగతనం పెద్దలకు ఏదో పెద్ద ఆలోచనలా, పిల్లలకు మాటల గారడీలా అనిపించి జారిపోతుంది. దాన్ని చేత్తో చేయిస్తే నిలుస్తుంది. యుబాబా ఒప్పంద పత్రంలోంచి చిహిరో పేరులోని అక్షరాలు లాక్కుని ఒక్కటి మిగులుస్తుంది. ఆ అక్షరాన్ని విడిగా చదివితే సెన్, అర్థం వెయ్యి. మన సహస్ర లాంటి పేరన్నమాట. పిల్లల పేరు కాగితం మీద పెద్దగా రాయించి, అక్షరం అక్షరం కత్తిరించి, ఒక్కటి మాత్రం వాళ్ల చేతిలో పెట్టండి. రాత్రి భోజనం దాకా ఇంట్లో అందరూ ఆ అక్షరంతోనే పిలవాలి. శ్రావణి "ణి" అయిపోతుంది. గంటలోపే "నా పేరు నాకిచ్చెయ్" అన్న మాట వస్తే అది కూడా ఎడమ పేజీలోకి ఎక్కాలి.

పెద్దల అభిప్రాయాలు

పెద్దల మాటలు వేరే పేజీలో. వాళ్లు చూసేది ఇంకో సినిమా. సినిమా మొదట్లో చిహిరో నాన్న పాడుబడ్డ భవనాలు చూసి, తొంభైల మొదట్లో ఇలాంటి థీమ్ పార్కులు అంతటా కట్టారు, ఆర్థికం కూలగానే మూతపడ్డాయి అన్నట్టు మాట్లాడతాడు. భూముల, షేర్ల ధరలు బుడగలా ఉబ్బి జపాన్ ఆర్థిక వ్యవస్థ ఒక్కసారిగా పగిలిన కాలం అది. ఎవరూ లేని అంగట్లో తిండి లాగించేస్తూ కార్డు ఉంది, డబ్బూ ఉందిలే అంటాడు. ఈ రెండు మాటలూ పిల్లలకు పట్టకుండా పోతాయి, ఉద్యోగాలు చేసేవాళ్లకు మాత్రం గుచ్చుకుంటాయి.

ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ ఉంటే తప్పకుండా కూర్చోబెట్టండి, భాష రాకపోయినా సరే. దేవుళ్లకు పెట్టిన తిండి ముట్టుకున్నందుకే అమ్మానాన్నలు పందులయ్యారన్న సంగతి వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. నైవేద్యం పెట్టకముందు ఎంగిలి చేయడం ఎంత తప్పో వాళ్ల ఒంట్లోనే ఉంది. చివర సొరంగం దాటేదాకా వెనక్కి తిరగొద్దని హకు చెప్పినప్పుడు సాక్షి గోపాలుడి కథ గుర్తుచేసుకునేవాళ్లు కూడా ఉంటారు. ఇలాంటి పోలికలు ఒట్టి కాకతాళీయం అని కొట్టిపారేయకుండా రాసుకోండి, ఈ సినిమాకు మన ఇళ్లలోంచి వచ్చే అసలైన స్పందన అదే.

నదీ దేవుడి ఘట్టంలో హైదరాబాద్ పిల్లలు మూసీ పేరెత్తితే దాన్ని పర్యావరణ పాఠం చేయకుండా ఒక్క విషయం చెప్పండి. మియాజాకి స్వయంగా ఒక నదిని శుభ్రం చేయడానికి వెళ్లినప్పుడు అందులోంచి సైకిల్ లాగారు, ఆ అనుభవమే తెర మీదికి వచ్చింది. నిజంగా జరిగిందని తెలిస్తే పిల్లలు ఇంకో పది ప్రశ్నలు వేస్తారు.

ఫిర్యాదులు కూడా అభిప్రాయాలే. యుబాబాకి శిక్ష పడలేదేంటి అన్నది మన ప్రేక్షకుల్లో గట్టిగా వినిపిస్తుంది, క్లైమాక్స్‌లో విలన్ పడిపోవడం అలవాటైన కళ్లు కదా. దానికి సమర్థన ఇవ్వొద్దు. తన బిడ్డ బో దగ్గర యుబాబా గొంతు ఎలా మారిందో, కవల అయిన జెనీబా ఇంట్లో టీ ఎలా ఉందో అడగండి. కొందరు మెత్తబడతారు, కొందరు మెత్తబడరు. రెండో సగం తొందరగా చుట్టేశారు, హకు అసలు పేరు గుర్తురావడం మరీ అనుకూలంగా జరిగిపోయింది అన్నవాళ్ల మాటలోనూ పస ఉంది.

నలుగురికి పంచుకునేలా రాయడం

వారం తర్వాత మళ్లీ ఒకసారి "ఏం గుర్తుంది?" అని అడిగి, ఆ జవాబులను కూడా చేర్చాక రాయడానికి కూర్చోండి. మూడు నాలుగు వందల పదాలు సరిపోతాయి. కథ నాలుగు వాక్యాలు దాటొద్దు. పందులవడం మొదట్లోనే జరుగుతుంది కాబట్టి చెప్పొచ్చు. హకు ఎవరన్నది, చివరి పందుల పరీక్షకు జవాబు, ఈ రెండూ చెప్పకూడదు. "చిన్నా పెద్దా అందరూ చూడదగ్గ చక్కని చిత్రం" లాంటి వాక్యం చదివినవాళ్లకు ఏమీ దక్కదు. తొమ్మిదేళ్ల పిల్ల ఏ చోట చేయి పట్టుకుంది, ఎక్కడ నవ్వింది, ఏ భాషలో చూశారు, ఎక్కడ విరామం ఇచ్చారు, ఇవి రాస్తే ఇంకో ఇంట్లో అమ్మానాన్నలకు పని జరుగుతుంది. పిల్లల మాట ఒక్కటైనా యథాతథంగా ఉండాలి, పేరు లేకుండా, వయసుతో.

రెండోసారి చూడడానికి కనీసం నెల ఆగండి. అప్పుడు కథ వెనక పరిగెత్తే పని ఉండదు కాబట్టి వెతకడానికి కొన్ని ఇవ్వండి. మొదట బాయిలర్ గదికి మెట్లు దిగేటప్పుడు చిహిరో కూర్చుని ఒక్కో మెట్టూ ఎలా జారుతుందో, తర్వాత గోడ వెంట గొట్టం మీద ఎలా పరిగెత్తుతుందో. సొరంగంలోకి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు అమ్మ అనే మాట ఒకటే, అంతలా అతుక్కోకు, నడవలేకపోతున్నానని. కారు మీద ఆకులు, దుమ్ము ఎంత పేరుకున్నాయో. ఇంకా, బయటపడ్డాక చిహిరో వెనక్కి తిరిగి చూసినప్పుడు జెనీబా ఇంట్లో అందరూ కలిసి వడికి అల్లిన జుట్టు కట్టు ఒక్క క్షణం మెరుస్తుంది. దాన్ని ముందు ఎవరు చూశారో రాసుకోండి.